నానబెట్టిన నాలుగు పలుకులు

ఉగాది ముందు ఇల్లు దులుపుతుంటే మా అత్తయ్యగారి ట్రంకు పెట్టెలో, పాత పట్టుచీరల అడుగున, ఒక హార్లిక్స్ సీసా దొరికింది. మూత తీయగానే ముక్కిపోయిన నూనె వాసన గుప్పుమంది. చూద్దును కదా, సీసా నిండా వాల్‌నట్ పలుకులు! కొన్ని నల్లగా ముడుచుకుపోయాయి, కొన్నిటికి బూజు పట్టింది. కార్తీకమాసం నుంచి రోజూ పొద్దున్నే గిన్నెలో పెట్టి ఆవిడ చేతికిచ్చి, "మర్చిపోకుండా తినండి అత్తయ్యా" అని నేను వంటింట్లోకి వెళ్ళిపోయే ఆ నాలుగు పలుకులే అవి. నాలుగు నెలల పైచిలుకువి, అన్నీ కాకపోయినా చాలావరకు, అక్కడే ఉన్నాయి.

అసలు సంగతి మొదటి నుంచీ చెప్తాను.

మా అత్తయ్యగారికి డెబ్బైనాలుగేళ్ళు. ఆవిడ జ్ఞాపకశక్తి మా చుట్టాల్లో అందరికీ తెలిసిందే. ఎవరి పెళ్ళి ఏ ఏడాది ఏ తిథిన అయింది, ఎవరి సీమంతానికి ఎవరు ఏ రంగు చీర పెట్టారు, అన్నీ నోటికి వచ్చు. మాకు పంచాంగం, ఫోన్ల పుస్తకం రెండూ ఆవిడే. అలాంటి మనిషి పోయిన దసరా నుంచి చారులో రెండుసార్లు ఉప్పు వేయడం, "చిన్నాడు ఫోన్ చేశాడా" అని గంటలో మూడుసార్లు అడగడం మొదలుపెట్టారు. ఒకరోజు పాలగిన్నె మాడి పొగలు వస్తున్నా పక్కనే కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. ఆ రోజు నాకు భయమేసింది. మావారితో చెప్తే "వయసమ్మా, ఇంకేం ఉంటుంది" అన్నారు. ఆయనకీ భయమేసిందని ఆ గొంతులోనే తెలిసిపోయింది.

ఆ వారంలోనే మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. వాల్‌నట్ పప్పు రెండు భాగాలుగా, ముడతలు ముడతలుగా అచ్చం మెదడులా ఉంటుంది కాబట్టి మెదడుకి దాన్ని మించింది లేదట. రాత్రి నానబెట్టి పరగడుపున నాలుగు తింటే మతిమరుపు పోతుందట. రూపాన్ని బట్టి గుణం ఉంటుందన్న నమ్మకం ఈ వీడియోలతో పుట్టింది కాదు, పూర్వం యూరప్‌లో వైద్యులు కూడా ఆకు ఆకారాన్ని, కాయ ఆకారాన్ని చూసి ఇది ఈ అవయవానికని నిర్ణయించేవారు. ఆ లెక్కన జీడిపప్పు కిడ్నీకి, బెండకాయ వేళ్ళకి పనికిరావాలి. మన ఇళ్ళల్లో మాత్రం బెండకాయ తింటే లెక్కలు వస్తాయన్నారు. నేను చిన్నప్పుడు గంపలకొద్దీ తిన్నాను, లెక్కలు రాకే బి.ఏ. తెలుగు తీసుకున్నాను.

ఇంత వెటకారం ఇప్పుడు చేస్తున్నాను గానీ, ఆ రోజు వీడియో అయిపోయేలోపే చెప్పులేసుకుని బేగంబజార్ బయల్దేరాను.

వాల్‌నట్స్ కొనడం కూడా ఒక విద్యేనని అక్కడికి వెళ్ళాకే తెలిసింది. అక్కడ ఎవరూ వాల్‌నట్ అనరు, అఖ్రోట్ అంటారు. సంస్కృతంలో అక్షోటం. కాలేజీలో అమరకోశం బట్టీ వేసేటప్పుడు వనౌషధి వర్గంలో ఆ మాట వచ్చింది కానీ, అదేం కాయో మా పంతులుగారూ చూసి ఉండరు, మేమూ చూడలేదు. ఇంగ్లీషులో వాల్‌నట్ అంటే పాత అర్థం పరదేశి కాయ అని మా అబ్బాయి చెప్పాడు. ఇరాన్, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చింది కాబట్టి వాళ్ళకీ అది పొరుగూరి సరుకే. మన దేశంలో పండేదాంట్లో దాదాపు అంతా కశ్మీర్‌దే. కాలిఫోర్నియా నుంచి, చిలీ నుంచి కూడా దిగుమతి అవుతుంది. పెంకుతో ఉన్నవాటిలో చేత్తో నొక్కితే పగిలే పల్చటి రకాన్ని కాగజీ అంటారు, కాగితంలాంటి పెంకన్నమాట. ఒలిచిన పప్పులో తెల్లగా, విరగకుండా రెండు రెక్కల్లా ఉండేదానికి ధర ఎక్కువ. రంగు ముదిరినవి, విరిగిన ముక్కలు చౌక. వంటకి ముక్కలు చాలు, విరిగినంత మాత్రాన బలం ఎక్కడికీ పోదు. కొనేముందు ఒక పలుకు నోట్లో వేసుకుని చూడండి. చివర్లో కాస్త వగరు తగలాలి. అది ఆ పల్చటి పొట్టుది, మంచి పదార్థాలు ఎక్కువ ఉండేది ఆ పొట్టులోనే, కాబట్టి ఒలిచి పారేయకండి. పెయింటు వాసనో పాత నూనె వాసనో వస్తే ఎంత తక్కువకి ఇస్తానన్నా వద్దు. ఇందులో కొవ్వు త్వరగా చెడిపోయే రకం. ఇంటికి తెచ్చాక గాలి తగలని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. నేను మొదటిసారి తెచ్చినవి స్టవ్ పక్కన అలమరలో పెట్టి పావుకిలో పాడుచేశాను.

ఆ మాటకొస్తే నేను వాల్‌నట్ మొదటిసారి తిన్నది కొని కాదు. పదేళ్ళ కిందట మా పైఅంతస్తులో ఒక కశ్మీరీ పండిట్ల కుటుంబం అద్దెకుండేది. శివరాత్రి వాళ్ళకి మన సంక్రాంతి అంత పెద్ద పండగ, హేరథ్ అంటారు. కలశాల్లాంటి కుండల్లో నీళ్ళు పోసి, అందులో పెంకుతో సహా వాల్‌నట్స్ వేసి శివపార్వతుల పెళ్ళి చేస్తారు. కొన్నాళ్ళు నానాక ఆ కాయల్ని ప్రసాదంగా చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ పంచుతారు. మనం శివరాత్రికి ఉపవాసం, జాగారం అంటుంటే ఆవిడ దోసెడు తడి కాయలు తెచ్చి నా కొంగులో పోసింది. మా అత్తయ్యగారు వాటిని కళ్ళకద్దుకుని, రోట్లో పెట్టి పచ్చడిబండతో పగలగొట్టారు. పెంకు ముక్కలు వంటిల్లంతా ఎగిరిపడ్డాయి. "కొబ్బరికాయే నయం, ఒక్క దెబ్బకి పగుల్తుంది" అన్నారు. ఆవిడకి అప్పుడు పళ్ళు గట్టిగా ఉన్నాయి. ఆ కశ్మీరీ ఆవిడే చెప్పింది, చెట్లు రెండు మూడంతస్తుల ఎత్తుంటాయని, భాద్రపదం రోజుల్లో మనుషులు పైకెక్కి పొడుగాటి కర్రలతో కాయలు రాలగొడతారని, ఏటా కొందరు జారిపడి ప్రాణాలు పోగొట్టుకుంటారని. పైన ఉండే ఆకుపచ్చ తోలు ఒలిస్తే చేతులు రోజుల తరబడి నల్లగా ఉంటాయట. కిలో ధర చూసి గింజుకున్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

సరే, కార్తీకంలో మొదలుపెట్టాను. రాత్రి నాలుగు పలుకులు నీళ్ళలో వేయడం, పొద్దున్నే ఆ నీళ్ళు పారబోసి గిన్నెలో పెట్టి ఇవ్వడం. పది రోజులయ్యేసరికి నాకు తేడా కనిపించింది! ఒకరోజు ఆవిడంతట ఆవిడే గ్యాస్ కట్టేశారు. ఇంకోరోజు మా పెద్దత్తగారి మనవరాలి పేరు టక్కున చెప్పారు. మా ఆడపడుచుకి ఫోన్ చేసి "నువ్వు పంపిన వీడియో పుణ్యమా అని వదినా, చాలా నయం" అన్నాను. ఆవిడ ఇంకో పదిమందికి చెప్పింది. నాకు తెలిసి మా చుట్టాల్లో కనీసం ఆరిళ్ళల్లో ముసలివాళ్ళు పొద్దున్నే వాల్‌నట్స్ నమలడం మొదలుపెట్టారు. ఆ నయమైన మనిషి మాత్రం వాటిని బాల్కనీ గోడమీద ఎండబెట్టి సీసాలో దాచుకుంటున్నారు.

సీసా చేత్తో పట్టుకుని వెళ్ళి అడిగితే ఆవిడ చిన్నపిల్లలా తలొంచుకున్నారు. "చిన్నాడు సెలవులకొస్తాడు కదా అమ్మాయ్, వాడు చదువుకునే పిల్లాడు, వాడికైతే పనికొస్తాయని. అంత డబ్బు పోసి తెస్తే నాబోటి దానికెందుకు" అన్నారు. కాసేపాగి, "నమలలేకపోతున్నానే. కట్టుడు పళ్ళ కింద దూరి గుచ్చుకుంటున్నాయి. నువ్వు అంత ప్రేమగా పెడుతుంటే వద్దంటే ఏం బావుంటుంది" అన్నారు.

ఆవిడ నోట్లో కట్టుడు పళ్ళున్నాయని నాకు తెలియదా? రోజూ రాత్రి ఆ పళ్ళ గిన్నెలో నీళ్ళు పోసేది నేనే. కోడలిగా నేను సిగ్గుపడింది ఈ ఒక్కదానికే కాదు. నాలుగు నెలలుగా ఆవిడకి నయమవుతోందని నేను చూసిందంతా ఏమిటి మరి? గ్యాస్ కట్టేసిన రోజు లెక్కపెట్టాను, కట్టని రోజులు లెక్కలోకి రాలేదు. ఆ నమ్మకం మీదే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళకుండా నాలుగు నెలలు గడిపేశాం. "ముందు ఇది వాడి చూద్దాం" అన్నది నేనే. మావారు ఆ మాట పట్టుకుని ఊరుకున్నారు, వెళ్తే డాక్టర్ ఏం పేరు చెప్తాడోనని ఇద్దరికీ భయం కాబట్టి.

సెలవులకి వచ్చిన మా అబ్బాయిని కూర్చోబెట్టి, ఈ వాల్‌నట్స్ గురించి నిజంగా ఎవరేం తేల్చారో వెతికి చదివి చెప్పమన్నాను. వీడియోలు వద్దు అన్నాను. వాడు రెండు సాయంత్రాలు చదివి వినిపించాడు.

గుండె సంగతికి గట్టి ఆధారమే ఉంది. 1993లో అమెరికాలో లోమా లిండా అనే చోట పద్దెనిమిది మంది మగవాళ్ళకి నెలేసి రోజులు పథ్యం పెట్టి చూశారు. ఆహారంలో కొంత కొవ్వు తీసేసి ఆ స్థానంలో వాల్‌నట్స్ ఇచ్చినప్పుడు చెడు కొలెస్ట్రాల్ బాగా దిగింది. అందులో ముఖ్యమైన మాట "తీసేసి". ఉన్నదాని మీద అదనంగా కాదు. 2004లో అమెరికా ప్రభుత్వ ఆహార, ఔషధ సంస్థ రోజుకి 42 గ్రాముల వాల్‌నట్స్ గుండెజబ్బు ముప్పు తగ్గించవచ్చని పొట్లాల మీద రాసుకోనిచ్చింది కానీ, ఆధారాలు అనుకూలంగా ఉన్నాయే తప్ప పూర్తిగా తేలలేదు అన్న మాట కూడా కలిపి రాయమంది. తినే మొత్తం కేలరీలు పెరగకూడదన్న షరతూ పెట్టింది. స్పెయిన్‌లో ఏడువేల పైచిలుకు మందితో ఏళ్ళ తరబడి చేసిన పెద్ద పరిశీలనలో ఒక వర్గానికి రోజూ 30 గ్రాముల గింజలు ఇచ్చారు, అందులో సగం వాల్‌నట్సే, మిగతాది బాదం, హేజల్‌నట్. ఆ వర్గంలో గుండెపోటు, పక్షవాతం తక్కువగా వచ్చాయి. 2013లో వచ్చిన ఆ వ్యాసాన్ని, మనుషుల్ని వర్గాలుగా పంచడంలో కొన్నిచోట్ల లోపం జరిగిందని వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచూసి 2018లో మళ్ళీ వేశారు. ఫలితం ఇంచుమించు అదే వచ్చిందట.

ఇక నాకు కావలసిన మెదడు సంగతి. బార్సిలోనాలో, ఆ లోమా లిండాలోనే, అరవై మూడు నుంచి డెబ్బైతొమ్మిదేళ్ళ మధ్య ఆరోగ్యంగా ఉన్న ఏడువందల మందిని తీసుకుని, సగం మందికి రెండేళ్ళపాటు రోజూ 30 నుంచి 60 గ్రాముల వాల్‌నట్స్ పెట్టారు. చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం మొత్తం మీద తిన్నవాళ్ళకీ తిననివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బార్సిలోనా వాళ్ళని విడిగా చూస్తే కాస్త మేలు కనిపించింది కానీ, అది ఇంకా తేలవలసిన విషయం. ఇది 2020లో వచ్చింది. మా అబ్బాయి చదవడం ఆపాక నేను లెక్క వేశాను. ఒక పలుకు, అంటే సగం పప్పు, రెండు గ్రాములు తూగుతుంది. నేను పెట్టింది నాలుగు. ఎనిమిది గ్రాములు! అదీ సీసాలోకి.

దీన్ని బట్టి వాల్‌నట్స్ వట్టివని అనుకోకండి. ఏమాటకామాటే, అందులో ఉన్న సరుకు ఉంది. గుప్పెడు, అంటే పద్నాలుగు పలుకులు, 28 గ్రాముల్లో నాలుగు గ్రాముల పైన మాంసకృత్తులు, రెండు గ్రాముల పీచు, రెండున్నర గ్రాముల ఒమేగా-3 ఉంటాయి. గింజల్లో బాదం, జీడిపప్పు, పల్లీలు ఈ ఒమేగా-3 విషయంలో దాని దరిదాపుల్లోకి రావు. చేపల్లో దొరికే రకం వేరు, మనం తిన్న గింజల్లోంచి ఒంట్లో ఆ రకంగా మారేది కొద్దిగానే. అయినా మాలాగా గుడ్డు కూడా తినని ఇళ్ళకి అదే దారి. ఆ గుప్పెడులోనే 185 కేలరీలూ ఉన్నాయి, కాబట్టి సాయంత్రం మిక్చర్ తిని ఆ పైన ఇవీ తింటే నడుం చుట్టుకొలత పెరగడం తప్ప లాభం లేదు. మావారికి మిక్చర్ డబ్బా కనబడకుండా చేసి ఆ చోటున వాల్‌నట్స్ పెట్టాను. కొలెస్ట్రాల్ మాత్ర మాత్రం డాక్టర్ చెప్పినట్టు వేసుకుంటున్నారు. ఇంకోమాట, ఐదేళ్ళ లోపు పిల్లలకి పలుకులు పలుకులుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడితే చాలా ప్రమాదం. గింజల ఎలర్జీ ఉన్నవాళ్ళు రుచి కూడా చూడకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు వాళ్ళ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

డాక్టర్ దగ్గరకి చైత్రంలో వెళ్ళాం. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మగారు మాంసాహారమా శాకాహారమా?" రెండోది, "షుగర్ మాత్ర ఎన్నేళ్ళుగా?" పన్నెండేళ్ళుగా మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారని చెప్పాను. మూడోది అత్తయ్యగారినే అడిగారు, "కాళ్ళలో తిమ్మిర్లున్నాయా అమ్మా?" ఉన్నాయి. రెండేళ్ళుగా ఉన్నాయి. "అరికాళ్ళకి దూది చుట్టినట్టుందే" అని ఆవిడ అనడం, నేను కొబ్బరినూనె రాయడం, అంతటితో ఆ మాట అయిపోవడం. రక్తపరీక్షలో బి12 బాగా తక్కువగా వచ్చింది. ఆ విటమిన్ మొక్కల్లో ఉండదట. వాల్‌నట్స్ కిలోలకొద్దీ తిన్నా రాదు. పాలూ పెరుగూ తినేవాళ్ళకి కొంత అందుతుంది కానీ, వయసు మీదపడ్డాక కడుపు దాన్ని సరిగ్గా తీసుకోదు. దానికి తోడు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే ఇంకా తగ్గుతుంది. తగ్గితే నరాలూ దెబ్బతింటాయి, జ్ఞాపకమూ మసకబారుతుంది. పెరుగన్నం తింటున్నాం కదా, మాకేం తక్కువ అనుకునే ఇళ్ళు మనలో ఎన్నో! మీ ఇంట్లో పెద్దవాళ్ళు శాకాహారులై షుగర్ మాత్రలు వాడుతుంటే ఆ పరీక్ష ఒకసారి చేయించండి. నానబెట్టే గిన్నె సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ముందు రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. తిమ్మిర్లు చాలా తగ్గాయి. గుడి మెట్లు పట్టుకోకుండా ఎక్కుతున్నారు. మతిమరుపు అంతా పోలేదు. స్కాన్‌లో వయసుతో వచ్చే మార్పులు కూడా ఉన్నాయని, ఆరునెలలకొకసారి చూపించమని చెప్పారు. "ముందే తీసుకొస్తే ఇంకొంచెం మేలు జరిగేదా?" అని అడిగాను. "చెప్పలేమమ్మా, ఇప్పటికైనా తెచ్చారు కదా" అన్నారాయన. ఆ మాటతో నాకు ఊరట కలగలేదు. ఈసారి మాత్రం పుస్తకంలో తేదీలు వేసి రాసుకుంటున్నాను, గ్యాస్ కట్టేసిన రోజులూ, కట్టని రోజులూ రెండూ.

వాల్‌నట్స్ ఇంట్లో మానలేదు, రూపం మార్చాను. విరిగిన ముక్కలు కొంటాను. చిన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చాలి. ఎండుమిరపకాయలు, జీలకర్ర, కాస్త చింతపండు విడిగా వేయించి, రెండు గుప్పెళ్ళ పుట్నాలపప్పుతో మెత్తగా పొడి కొట్టి, చివర్లో ఉప్పు, వెల్లుల్లి, వాల్‌నట్స్ వేసి ఆపి ఆపి తిప్పాలి. ఒక్క బిగిన తిప్పారంటే నూనె దిగి ముద్దయిపోతుంది. పుట్నాలపప్పు ఆ నూనెని పీల్చుకుంటుంది, పొడి పొడిగా వస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టుకుని వారం పది రోజుల్లో వాడేయాలి. నెలాఖరులో చెయ్యి ఆడకపోతే ఇదే పద్ధతిలో అవిసెగింజల పొడి చేస్తాను. ఒమేగా-3 మాటకొస్తే అవిసెలు వాల్‌నట్స్‌కి రెండింతలకి పైమాటే, ధర చూస్తే నాలుగో వంతు కూడా ఉండదు. కాకపోతే వాటి ఆకారం దేనికీ పోలిక లేదు కాబట్టి ఎవరూ వీడియో చేయరు. అవి కూడా పొడి చేస్తేనే వంటపడతాయి, గింజగా మింగితే అలాగే బయటికి పోతాయి.

నిన్న మధ్యాహ్నం వేడన్నంలో ఆ పొడి, నెయ్యి వేసి పెట్టాను. అత్తయ్యగారు రెండోసారి కూడా వేయించుకున్నారు. "ఏం పొడి అమ్మాయ్ ఇది, కమ్మగా ఉంది" అన్నారు. మొన్నా ఇదే అడిగారు. "అక్రోట్లు అత్తయ్యా" అన్నాను. ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి, "చిన్నాడికి కొంచెం తీసి ఉంచావా మరి?" అన్నారు.

తీసి ఉంచాను. ఫ్రిజ్‌లో పెట్టాను.